దేవుడి బియ్యం తీసినందుకు

మా సంఘానికి నేను నాలుగు ఉత్తరాలు రాశాను. మొదటిది మా పాస్టరు అయ్యగారి చేతికే ఇచ్చాను. రెండోది మలక్‌పేటలో సంఘపెద్ద ఇంటికి బస్సెక్కి వెళ్లి ఇచ్చాను. ఆయన భార్య తలుపు సగమే తీసి అందుకుంది. ఎండన పడి వచ్చిన మనిషిని మంచినీళ్లు కావాలా అని కూడా అడగలేదు. మూడోది రిజిస్టరు పోస్టులో పంపాను. నాలుగోది ఆరాధన ముగిశాక అందరి ముందు బల్ల మీద పెట్టాను. నేను చూస్తుండగానే ఎవరో దాని మీద పాటల పుస్తకాలు పేర్చారు. నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఇక నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

ఆరేళ్లుగా నన్ను ప్రభువు బల్ల నుంచి, అంటే ప్రభువు పేర రొట్టె తీసుకోవడం నుంచి, నిలిపి ఉంచారు. నెలకోసారి రొట్టె పళ్లెం బెంచీల మధ్య తిరుగుతుంది. నా వరకూ వచ్చేసరికి పళ్లెం పట్టుకున్న మనిషి నా మోకాళ్ల వైపు చూస్తూ ముందుకు జరుగుతాడు. మా ఆవిడను ఎవరూ నిలపలేదు. నాకు లేనిది తనకూ వద్దని ఆమే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆరేళ్లుగా ఆమె కూడా ఆ రొట్టె రుచి చూడలేదు.

నేను చేసిన నేరం దేవుడి బియ్యం తీయడం. తీశాను, కాదనను. ఎందుకు తీశానో, ఎంత వణుకుతూ తీశానో ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

మా సంఘంలో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు, ఆ కొలిచిన దాంట్లోంచే ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఇంట్లో ఎంత తక్కువున్నా సరే వేయాల్సిందే. మా అమ్మ అయితే మేం గంజితో సరిపెట్టుకున్న రోజు కూడా వేసేది. వారమంతా పోగైనదాన్ని ఆదివారం చిన్న గుడ్డసంచిలో పోసి మందిరానికి తెస్తారు. సంచి మీద ఎర్రదారంతో సిలువ కుట్టి, దాని కింద ఎవరింటి గుర్తు వాళ్లు వేసుకుంటారు. ఒకరిది ఆకు, ఒకరిది చేప, మా ఇంటిది మూడు చుక్కలు. అయ్యగారు ప్రార్థన చేశాక బియ్యం డ్రమ్ములోకి పోతుంది. ఇంటికి రెండేసి సంచులుంటాయి కాబట్టి ఖాళీవి గోడకున్న మేకులకు తగిలిస్తాం, మరుసటి ఆదివారం ఎవరివి వాళ్లు తీసుకుపోతారు. డ్రమ్ములో పడ్డ బియ్యం ఇక దేవుడి సొత్తు. అయ్యగారు చెబితే తప్ప మూత తీయకూడదు. నెలాఖరున ఆయన చెప్పిన ప్రకారం కొంత మలక్‌పేటలో ఆయన ఇంటికి, కొంత సంఘంలోని విధవరాళ్లకు కొలిచి ఇచ్చేవాణ్ణి.

ఆ డ్రమ్ము తాళంచెవి పదకొండేళ్లు నా దగ్గరే ఉంది. నేను సర్కారు వర్క్‌షాపులో ఫిట్టర్ని. పనికి పోయినా, స్నానానికి పోయినా అది నా నడుముకే ఉండేది. పదకొండేళ్లలో నా చెయ్యి మంచిదని ఒక్కరు అనలేదు. నాలుగుసార్లు తీసినందుకు మాత్రం చెడ్డదని ఊరంతా అన్నారు.

మా మందిరం శాలిబండ వెనక గల్లీ మొదట్లో, రోడ్డుకు ఆనుకుని ఉంటుంది. మా ఇల్లు అదే గల్లీలో లోపలి చివర. మధ్యలో ఎనభై అడుగులు. ఇదివరకు ఎన్నడూ లెక్కపెట్టలేదు. కర్ఫ్యూ రోజుల్లో లెక్క వచ్చింది.

మా ఎదురింట్లో ఉండే ముసలామెను గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అనేది. ఆమె కొడుకు ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోసే హమాలీ. కోడలు ఆడపిల్లను కని తొమ్మిది రోజులైంది. మా పక్కింట్లో తాపీమేస్త్రీ, అతని భార్య, ముగ్గురు పిల్లలు. వీళ్లందరివీ ఏ రోజు తెచ్చుకుంటే ఆ రోజు పొయ్యి వెలిగే ఇళ్లు. రేపటి బియ్యం ఇవ్వాళే ఉండడం మా గల్లీలో నెలజీతం వచ్చే మా ఇంట్లోనే.

కర్ఫ్యూ మాకు కొత్త కాదు. రెండు రోజులు పెడతారు, తీస్తారు. ఆరేళ్ల కిందట వచ్చింది మాత్రం పోలేదు. ఒక పొద్దున జీపు మైకులో ఎవరూ బయటికి రావద్దని చెప్పుకుంటూ పోయింది. చౌరస్తాలో ఇద్దర్ని పొడిచారని మేస్త్రీ గోడ మీంచి చెప్పాడు. ఖాలా కొడుకు ముందురోజు పనికి పోయినవాడు తిరిగి రాలేదు. అక్కడే చిక్కుకున్నాడో, ఏమైందో తెలియదు. ఖాలా గుమ్మం లోపల కూర్చుని రోడ్డు వైపే చూసేది. ఏడ్చేది కాదు. ఏడిస్తే మేం కాస్త తేలికపడేవాళ్లం.

మూడో రోజు ఆడవాళ్లకు మాత్రం ఒక గంట సడలింపు ఇచ్చారు. మా ఆవిడ పోయి వచ్చింది. తెరిచిన ఒక్క దుకాణం ముందు తోపులాట, బియ్యం అప్పటికే అయిపోయాయట. ఆమె కొంగులో ఉప్పు, నాలుగు ఉల్లిగడ్డలు ఉన్నాయి. మర్నాడు ఆ గంట కూడా రద్దు చేశారు.

మా ఇంట్లో ఉన్నది మా ఆవిడ మూడిళ్లకూ పంచింది. పంచిన కొద్దీ నేను గిన్నెలోకి తొంగి చూసేవాణ్ణి. ఐదో రోజుకు మా గిన్నె అడుగు కనిపించింది. ఎదురింట్లోంచి పసిపిల్ల ఏడుపు రోజురోజుకూ సన్నబడుతూ వచ్చింది. గట్టిగా ఏడిస్తే విసుగొస్తుంది. సన్నబడితే నిద్ర పట్టదు.

ఆ రోజు పొద్దున మా ఆవిడ ఎదురింటి నుంచి వచ్చి నా ముందు నిలబడింది.

"ఆ కోడలుపిల్లకు పాలు పడుతలేవు. రెండు రోజులాయె కడుపుల గంజి నీళ్లు తప్ప ఏం పడక. ఖాలా పసిదానికి చక్కెర నీళ్లు పోస్తుంది. చక్కెర గూడ ఐపోయింది."

"నేనేం జెయ్యాలె?" అన్నాను.

"మందిరంల డ్రమ్ము సగానికి పైన ఉంది."

 ఆమెకు ఆ మాట ఆ రోజే తట్టలేదని నాకు తెలుసు. నాకూ రెండు రోజుల ముందే తట్టింది. తట్టిందని పైకి చెబితే పోవలసి వస్తుందని ఊరుకున్నాను.

"అది దేవుని బియ్యం," అన్నాను.

"దేవుడేమన్న ఆడ పొయ్యి ముట్టిచ్చుకొని కూసున్నడా?"

"అయ్యగారిని అడగకుండ తీయద్దు."

"అయితే పో. మలక్‌పేట పోయి అడిగి రా. జీపోళ్లే నిన్ను కూసోబెట్టుకొని తీస్కపోతరు."

"చావుమంటున్నవా?"

"నేను పోత. తాళంచెవి ఇయ్యి," అని చెయ్యి చాపింది.

ఆమె చెయ్యి చాపకపోతే నేను పోయేవాణ్ణి కాదు. ఈ మాట నాలుగు ఉత్తరాల్లోనూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నాలో ప్రేమ పొంగి నేను లేవలేదు. ఆమె పోతే ఏమవుతుందోనన్న భయం, నేను పోతే ఏమవుతుందోనన్న భయాన్ని మించింది, అంతే. పొరుగువాణ్ణి ప్రేమించాలని అయ్యగారు ఎన్ని ఆదివారాలు చెప్పారో లెక్కలేదు. ప్రేమించేటప్పుడు మోకాళ్లు ఇట్లా కొట్టుకుంటాయని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మిట్టమధ్యాహ్నం పోలీసులు నీడకు పోయి తింటారని మేస్త్రీ కనిపెట్టి ఉంచాడు. ఆ వేళకు బయలుదేరాను. ఐదు రోజులుగా గడ్డం గీసుకోలేదు. నన్ను చూసినవాడు ఏ మతంవాణ్ణని అనుకుంటాడో తెలియదు. ఈ పక్కవాడు ఆ పక్కవాణ్ణని, ఆ పక్కవాడు ఈ పక్కవాణ్ణని అనుకోవచ్చు. నేను రెండూ కానని చెప్పడానికి టైమెవడిస్తాడు?

గోడకు ఒళ్లు రాసుకుంటూ నడిచాను. ఎండ తప్ప గల్లీలో ఏమీ లేదు. ప్రతి కిటికీ వెనకా మనుషులున్నారని తెలుసు, ఒక్క దగ్గు కూడా వినబడదు. ఎవరి గొళ్లెమో గాలికి కొట్టుకుంటే అక్కడే కూలబడ్డాను. ముప్పయ్యో అడుగో, ముప్పై ఒకటో. వెనక్కి తిరిగి చూస్తే మా గుమ్మంలో మా ఆవిడ. చెయ్యి ఊపలేదు, పిలవలేదు, అట్లా నిలబడి ఉంది. ఆమె లోపలికి పోయి ఉంటే నేనూ వెనక్కి వచ్చేసేవాణ్ణి.

మందిరానికి గల్లీ వైపు ఒక చిన్న తలుపు ఉంది. గొళ్లెం తీసి, లోపలికి దూరి, గడియ పెట్టుకున్నాను. డ్రమ్ము మూత తాళంలో తాళంచెవి మూడుసార్లు తప్పింది. వర్క్‌షాపులో సూది మొనంత పని చేసే చేతులవి.

అప్పుడు రోడ్డు మీద పరుగులు వినబడ్డాయి. ఒకరివి కాదు. చెప్పులు లేని కాళ్లు ముందు, బూట్లో చెప్పులో వేసుకున్న కాళ్లు వెనక. నేను బల్ల కిందికి దూరాను. ప్రభువు బల్ల. ఇప్పుడు నన్ను దగ్గరికి రానివ్వని ఆ బల్ల కిందే, తెల్లగుడ్డ వెనక, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాను.

రోడ్డు వైపు పెద్ద తలుపు మీద ఎవరో కొట్టారు. అరచేత్తో. నాలుగైదుసార్లు. మాట లేదు. మాట వినబడితే ఏ భాషో తెలిసేది. మళ్లీ రెండుసార్లు కొట్టారు, ఈసారి మెల్లగా. తర్వాత కాళ్లు దూరంగా పోయాయి.

నేను తలుపు తీయలేదు.

కొట్టినవాడు పారిపోతున్నవాడో, తరుముతున్నవాడో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ తరుముకొచ్చేవాడు మెల్లగా కొట్టడు. ఈ మాట నా మనసులో ఆరేళ్లుగా ఉంది. సంఘం నన్ను శిక్షించదలిస్తే దీనికి శిక్షించి ఉండాల్సింది. నేను తలవంచి ఒప్పుకునేవాణ్ణి. దీని గురించి ఎవరూ అడగలేదు. బియ్యం గురించే అడిగారు.

ఎంతసేపు బల్ల కింద ఉన్నానో తెలియదు. బయటికి వచ్చి డ్రమ్ము మూత తీశాక గుర్తొచ్చింది, సంచి తేలేదు. ఇంత దూరం ఖాళీ చేతులతో వచ్చాను. భయంలో మనిషికి బుర్ర ఉండదు. గోడకు తగిలించిన గుడ్డసంచులు కనిపించాయి. అవి మిగతా పనులకు వాడేవి కావు, కానుకకే వాడాలి. నాలుగు తీసుకున్నాను. నింపి, రెండు చొక్కా లోపల మెడకు వేలాడేసుకుని, రెండు చేతుల్లో పట్టుకున్నాను. తీసేముందు ప్రార్థన చేశానా అని తర్వాత సంఘపెద్ద అడిగాడు. చేశాను. "ప్రభువా, నన్ను చంపకు" అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన రాలేదు.

గల్లీలోకి వచ్చి పది అడుగులు వేశానో లేదో, వెనక నుంచి కేక.

"ఏయ్! ఆగరా!"

ఆగాను. పోలీసు. ఈ ఊరివాడు కాదు, కోస్తా వైపు నుంచి బందోబస్తుకు తెచ్చినవాళ్లలో ఒకడని మాట వినగానే తెలిసింది.

"కర్ఫ్యూ అని తెలీదా? ఏంటా సంచులు?"

"బియ్యం సార్."

"ఎక్కడ కొట్టేశావ్?"

"గుడిల నుంచి సార్," అన్నాను. మందిరాన్ని మేం గుడి అనే అంటాం, భయంలో నిజం తప్ప ఇంకేదీ నోటికి రాదు. ఆ నిజం ఎట్లా వినబడుతుందో అన్న తరువాత తెలిసింది.

"గుళ్లోంచా!" అని లాఠీతో కుడి మణికట్టు మీద కొట్టాడు. సంచి జారి బియ్యం బండల మీద పడ్డాయి. అప్పుడతనికి ఎర్రదారం సిలువ కనిపించింది.

"చర్చా? నువ్వు కిరస్తానీవా?"

"అవును సార్."

"ఎవరికివి?"

"బాలింతకు సార్."

"నీ పెళ్లామా?"

"కాదు సార్. ఎదురింటి ఖాలా కోడలు."

లాఠీ దించాడు. "నీకేమన్నా పిచ్చా?"

"లేదు సార్. భయం."

"భయమైతే ఇంట్లో పడుండాలి గానీ." రోడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "ఏరుకో. తొందరగా ఏరుకుని పో. ఇంకోసారి కనిపిస్తే కాళ్లు విరుగుతాయి."

నాకు వీపు పెట్టి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరన్నా వస్తే నేను కనబడకుండా నిలబడ్డాడని మా ఆవిడ అంటుంది. అయి ఉండొచ్చు. కొట్టినందుకు మాత్రం ఒక్క మాట అనలేదు. చలికాలంలో ఆ మణికట్టు ఇప్పటికీ సలుపుతుంది. నేను నేల మీద కూర్చుని ఎడం చేత్తో, మట్టితో సహా, గింజ గింజా ఏరాను.

ఖాలా గుమ్మంలో నిలబడి సంచి చాపితే ఆమె ముట్టుకోలేదు. సిలువ వైపు చూసింది.

"ఏ కిస్కే నామ్ పే హై, బేటా?" అంది. ఎవరి పేరు మీద పెట్టిన బియ్యమో ఆమెకు తెలియాలి. కడుపు కాలుతున్నా తెలియాలి.

మా ఆవిడ నా వైపు కళ్లతో సైగ చేసింది, ఏదో ఒకటి చెప్పెయ్ అని. నాకు అబద్ధం రాదు. దాని వల్లే నాకు ఇన్ని తిప్పలు.

"ఊపర్‌వాలే కే నామ్ పే, ఖాలా." పైనున్నవాడి పేరు మీద అని.

"బుత్ కే సామ్నే రఖే క్యా?" ఏదైనా విగ్రహం ముందు పెట్టారా అని.

"నై ఖాలా. హమారే పాస్ బుత్ నై. ఖాలీ దువా కరే." మాకు విగ్రహాల్లేవు, ఒట్టి ప్రార్థన చేశామని.

 ఆమె నా మీద కసురుకుంది. "దువా కరే సో చావల్ హాత్ మే లేకో ఖడే క్యా తమాషా దేఖ్రే? లావ్ ఇధర్!"

సంచి లాక్కుని లోపలికి పోయింది. ప్రార్థన చేసిన బియ్యం చేతిలో పట్టుకుని తమాషా చూస్తున్నానట. థాంక్స్ చెప్పలేదు. ఆమె చెప్పకపోవడం ఒక్కటే నేను లెక్క పెట్టుకోలేదు.

మేస్త్రీ అయితే గోడ మీంచి సంచి అందుకుంటూ, "తింటే కిరస్తానీ జేస్తవా ఏందన్నా?" అన్నాడు.

"ముందుగాల తిను. నిన్ను జేర్చుకుంటే మా సంఘానికే లొల్లి," అన్నాను. ఐదు రోజుల్లో మొదటిసారి గోడకు అటూ ఇటూ నవ్వారు. అంతలో రోడ్డు మీద జీపు చప్పుడైతే అందరం నోళ్లు మూసుకున్నాం.

సాయంత్రానికి ఆ బాలింతకు గంజి, అన్నం పడ్డాయి. రెండు రోజులకు పాలు వచ్చాయి. పసిదాని ఏడుపు మళ్లీ గల్లీ అంతా వినబడేట్టు మొదలైంది. ఆ ఏడుపు విని నాకు నిద్ర పట్టింది.

కర్ఫ్యూ ఇంకా ఆరు రోజులుంది. ఆ ఆరు రోజుల్లో మళ్లీ మూడుసార్లు పోయాను. ఇళ్లు కూడా పెరిగాయి. ఒకింటికి తెలిస్తే గోడ గోడా దాటి అందరికీ తెలుస్తుంది. పోగా పోగా అలవాటవుతుందని అంటారు. అది అబద్ధం. నాలుగోసారి పోయేటప్పుడు మొదటిసారి కంటే ఎక్కువ భయపడ్డాను, ఏం జరగొచ్చో అప్పటికి తెలుసు గనక. డ్రమ్ము ముందు నిలబడినప్పుడు ఇంకో భయం. అన్నిటికంటే పెద్దదది. పోలీసు కొడితే మణికట్టు పోతుంది. దేవుడి సొత్తు ముట్టినవాడికి ఏం పోతుందో? అడుగుదామంటే ఎవరూ లేరు. దేవుణ్ణే అడిగాను. ఆయన జవాబు ఇయ్యలేదు. బియ్యం మాత్రం ఉన్నాయి, తీశాను.

కర్ఫ్యూ ఎత్తేసిన రోజున ఖాలా కొడుకు నడుచుకుంటూ వచ్చాడు. ఉస్మాన్‌గంజ్‌లో ఒక గోదాములో మూసుకుని ఉన్నాడట. మొహం పీక్కుపోయింది, ప్రాణం ఉంది.

తర్వాతి ఆదివారం సంఘపెద్ద మలక్‌పేట నుంచి ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. పెద్ద ఆఫీసులో గుమాస్తా ఆయన. గల్లీలోకి రాగానే ఖాలా ఇంటి తీగ మీద ఉతికి ఆరేసిన గుడ్డసంచి చూశాడు. ఎర్ర సిలువ, కింద చేప. ఆ చేప ఆయనింటి గుర్తు. నాలుగు సంచుల్లో నా చేతికి ఆయనదే రావాలా!

నేరుగా పోయి డ్రమ్ము తెరిపించాడు. అడుగున ఉన్నవి గుప్పిట్లో వస్తాయి.

"ఎవరినడిగి తీసినవ్, తమ్మీ?" అన్నాడు. మందిరం నిండా మనుషులు.

"ఎవరినడగాలె? మీరు ఆడ ఉంటిరి, నేను ఈడ ఉంటి. నడుమ కర్ఫ్యూ ఉండె."

"అంటే నీ ఇష్టమా? దేవుని సొత్తు సంఘం బయటోళ్లకు పంచుడు నీ ఇష్టమా?"

"బయటోళ్లు కాదు. ఎదురింటోళ్లు."

ఎవరో నవ్వారు. ఎవరో నాకు తెలుసు, రాయను. సంఘపెద్ద మొహం ఎర్రబడింది. "తప్పైందని అందరి ముంగట ఒప్పుకో. ఇంతటితో ఐపోతది."

ఒప్పుకోవడానికి నా దగ్గర ఒక తప్పు ఉంది. తలుపు మీద అరచేతి చప్పుడు అప్పుడు కూడా నా చెవుల్లో ఉంది. కానీ ఆయన అడిగింది దాని గురించి కాదు. అడగని తప్పు చెప్పి, అడిగినది తప్పుకాదంటే ఎవరు వింటారు? "బియ్యం తీసుడు తప్పు కాదు," అన్నాను. అయ్యగారి వైపు చూశాను. ఆయన మంచివాడే. కళ్లు దించుకుని పాటల పుస్తకంలో పేజీలు తిప్పాడు. ఆ పేజీల చప్పుడు నేను మర్చిపోను.

తాళంచెవి అక్కడికక్కడే తీసుకున్నారు. నేను ఒప్పుకునే దాకా ప్రభువు బల్లకు రావద్దన్నారు.

ఆ సంగతి ఖాలాకు మా ఆవిడ వల్ల తెలిసింది. మరుసటి ఆదివారం బురఖా వేసుకుని, మనవరాలిని చంకనేసుకుని మందిరం గుమ్మంలోకి వచ్చింది. ఆరాధన జరుగుతోంది. "ఖాయే సో హమే, సజా ఇన్‌కు కాయ్‌కు?" అని గట్టిగా అడిగింది. తిన్నది మేము, శిక్ష ఈయనకెందుకని. అందరూ వెనక్కి తిరిగారు. సంఘపెద్ద మర్యాదగా కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. జవాబు మాత్రం చెప్పలేదు. ఆమె చాయ్ తాగలేదు. ఆ కప్పు అట్లాగే చల్లారింది.

ఆ తర్వాత ఎన్ని జరిగాయో అన్నీ రాస్తే కాయితాలు చాలవు. పెళ్లి పందిట్లో నా పక్క కుర్చీ తీసి ఇంకో వరసలో వేసుకున్నవాళ్లున్నారు. మా ఆవిడకు జ్వరం వచ్చి పదిహేను రోజులు పడుంటే ప్రార్థనకు ఒక్కరు రాలేదు. ఖాలా కోడలు వచ్చి పొయ్యి ముట్టించింది. మా ఆవిడ ఇంకా ప్రతిపూటా బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి కుండలో వేస్తుంది. ఆదివారం మూడు చుక్కల సంచిలో పోసి తెస్తుంది. దాన్ని మాత్రం ఎవరూ వద్దనలేదు.

ఈ సంవత్సరం సంఘం జూబిలీ చేసుకుంది. అయ్యగారు మారారు, కొత్తాయన వచ్చారు. సంఘపెద్ద మాత్రం ఆయనే. జూబిలీకి ఒక పుస్తకం అచ్చు వేశారు. అందులో ఆయన రాసిన పేజీలో, కర్ఫ్యూ దినాల్లో మన సంఘం మతభేదం చూడకుండా ఇరుగుపొరుగు వారికి అన్నం పెట్టిందని ఉంది. కొత్త అయ్యగారు దాన్ని చదివి, క్రీస్తు ప్రేమ అంటే ఇది అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను లేచి, "ఎవరు పెట్టిన్రు?" అన్నాను. "ఆరాధన అయినంక మాట్లాడుదాం, కూసో," అన్నారు. అయ్యాక బిర్యానీ తిని అందరూ వెళ్లిపోయారు.

నా పేరు అచ్చు వేయనందుకు ఇది రాస్తున్నాననుకుంటారు. అనుకోండి. కొంత అదీ ఉంది. కానీ అసలు సంగతి వేరే. నాకు భయం. ఆరేళ్లుగా, ఒంట్లో బాగా లేని ప్రతిసారీ, సంఘపెద్ద చెప్పిందే నిజమేమోనని భయం. నేను ఎనభై అడుగులు నడిచి దేవుడి దగ్గర దొంగతనం చేశానేమో. ఆ బల్ల ముట్టకుండా పోతానేమో. నా మొండితనానికి మా ఆవిడ కూడా ముట్టకుండా పోతుందేమో. పుస్తకంలో ఆ వాక్యం చదివాక ఆ భయం ఇంకా పెరిగింది. అది దొంగతనమైతే మీరు దాన్ని మీ పేజీలో వేసుకోరు. సేవ అయితే నన్ను నిలపరు. రెండూ ఎట్లా అవుతాయి?

వచ్చే ఆదివారం బల్ల ఉంది. నేనూ మా ఆవిడా ఈసారి వెనక బెంచీలో కూర్చోం. ముందు వరసలో, అయ్యగారికి ఎదురుగా కూర్చుంటాం. తప్పైందని నేను చెప్పను. పళ్లెం మా ముందుకు వస్తుంది. నేను చెయ్యి చాపుతాను, నా తర్వాత ఆమె చాపుతుంది. అప్పుడు మీరు నా మోకాళ్ల వైపు చూడొద్దు. మొహం వైపు చూసి, అందరికీ వినబడేట్టు చెప్పండి. ఇస్తారా, ఇవ్వరా?